ఎన్నారై సందేహాలు: షాకబ్జర్లు ఆటోనగర్ నుంచి తెప్పించుకోవచ్చా?

గాజువాక ఆటోనగర్‌లో షాకబ్జర్లు చవక కదా, అమ్మానాన్నలు వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టి తెమ్మంటే సరిపోదా అని విశాఖ నుంచి అమెరికా వచ్చిన పిల్లలు అడుగుతూనే ఉంటారు. సరిపోదు. పేరు టయోటా క్యామ్రీయే అయినా అక్కడి బండి, ఇక్కడి బండి కింద ఒకేలా ఉండవు. మన గుంతలు, స్పీడ్ బ్రేకర్లు చూసి ఇండియా కార్లకి చాలావాటికి ఎత్తు పెంచుతారు, ఇంజను మారితే బరువు మారుతుంది, దాంతో స్ప్రింగూ మారుతుంది. మీ కారు విన్ నంబరు (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) చెప్పి ఇక్కడే కొనండి.

అసలు తేడా కూలి దగ్గర వస్తుంది. విశాఖలో సామాను ఖరీదు, మెకానిక్ కూలి తక్కువ, కాబట్టి ఈసారికి షాకబ్జరు ఒక్కటే మార్చి, మళ్ళీ చప్పుడొస్తే మళ్ళీ విప్పిద్దాంలే అనుకుంటాం. ఇక్కడ కూలి గంటల లెక్కన పడుతుంది, ఒక్కోసారి సామాను కంటే అదే ఎక్కువ. అందుకే ఒకసారి విప్పారంటే పైన కారు బాడీకి బిగించే మౌంటు, బేరింగు, షాకబ్జరు పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే బంప్ స్టాపు, దుమ్ము తొడుగు కూడా కొత్తవే వేయించండి. కుడివైపు మారిస్తే ఎడమవైపూ మార్చాల్సిందే.

ముందు చక్రాల దగ్గర చాలా కార్లకి షాకబ్జరు చుట్టూ స్ప్రింగు బిగించి ఉంటుంది, దాన్నే స్ట్రట్ అంటారు. స్ప్రింగు లేకుండా స్ట్రట్ ఒక్కటే కొంటే పాత స్ప్రింగుని నొక్కిపట్టి తీసి దానికి ఎక్కించాలి. యూట్యూబ్ చూసి ఆ పని అపార్ట్‌మెంట్ పార్కింగులో మొదలుపెట్టకండి బాబూ, నొక్కిన స్ప్రింగు జారితే ప్రాణం మీదికొస్తుంది. స్ప్రింగు, మౌంటు అన్నీ బిగించి అమ్మే పూర్తి అసెంబ్లీ ఉంటుంది, ధర ఎక్కువైనా కూలి తగ్గుతుంది. మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల పాత కారైతే నేను అదే కొంటాను. మన బీచ్ రోడ్డు ఇళ్ళల్లో ఉప్పు గాలికి గ్రిల్స్ ఏమవుతాయో చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఇక్కడ మంచు కరగడానికి ఉప్పు నేరుగా రోడ్డు మీదే చల్లుతారు, స్ప్రింగు కింది చుట్టు తుప్పుపట్టి విరుగుతుంది. టెక్సస్, కాలిఫోర్నియా వాళ్ళకి పాత స్ప్రింగులు సాధారణంగా బాగానే ఉంటాయి, స్ట్రట్, మౌంటు చాలు. మరీ చవక అసెంబ్లీలతో జాగ్రత్త, కొన్నిట్లో రకరకాల మోడళ్ళకి ఒకటే స్ప్రింగు పెట్టేస్తారు, కారు ముందుభాగం పైకి లేచి కూర్చుంటుంది.

బ్రాండు విషయానికొస్తే కేవైబీ ఎక్సెల్-జీ, కారుతో పాటు వచ్చిన ఒరిజినల్ సామాను తీరుకి దగ్గరగా ఉంటుంది. బిల్‌స్టైన్‌లో బీ4 మామూలు వాడకానికి, బీ6 కాస్త గట్టిది, బీ8 కిందికి దించిన స్ప్రింగుల కోసం చేసింది. కారు వచ్చిన ఎత్తులోనే ఉండాలంటే బీ8 జోలికి వెళ్ళొద్దు. కొత్తగా ఉద్యోగంలో చేరి, సెకండ్ హ్యాండ్ హోండా అకార్డ్ కొని, దాన్ని కిందికి దించాలని ఉబలాటపడే తమ్ముళ్ళకి నా మాట: ముందు ఒక మంచు కాలం నడిపి చూడండి.

ఇంకోటి, మెకానిక్ షాకబ్జర్లు పోయాయి అనగానే కార్డు తీయకండి. పైన పల్చగా నూనె తడి కనిపించినంత మాత్రాన పోయినట్టు కాదు, కారి కిందికి దిగుతుంటే పోయినట్టు. గతుకు దాటాక కారు ఊగుతూనే ఉంటే, టైరు అక్కడక్కడా గుంటలుగా అరిగితే అనుమానించాలి. చిన్న గతుకులకే టకటకమంటుంటే చాలాసార్లు అది స్వే బార్ లింకు (మలుపుల్లో కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపు కలిపే చిన్న ముక్క), చాలా తక్కువ ఖర్చుతో అయిపోతుంది, ముందు అది చూడమనండి.

ఇక మన దగ్గర స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు, అవి మాత్రం ఎవరైనా సూట్‌కేసులో పెడుతుంటే తీసేయించండి. స్ప్రింగు గట్టిపడుతుంది గానీ అరిగిన షాకబ్జరు బాగుపడదు. స్ట్రట్లు మార్చాక చక్రాల అలైన్‌మెంటు ఎలాగూ చేయించాలి, కాబట్టి ధర అడిగేటప్పుడే అది కలిపి చెప్పారా లేదా కనుక్కోండి.