తొలి సీజన్‌కు ముందు మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు చేరిన ఇండోర్ ఫుట్‌బాల్ జట్టు, అంటే అమెరికన్ ఫుట్‌బాల్‌ను అరీనా అనే పైకప్పున్న స్టేడియంలో ఆడే జట్టు, వచ్చే వసంతంలో తొలి సీజన్ ఆడబోతోందనీ, టికెట్ల అమ్మకం బాధ్యత నీ మీద పెట్టారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. అమెరికాలో ఇలాంటి కొత్త జట్టులోనే టికెట్ల విభాగంలో నేను ఆరేళ్ళు పనిచేశాను. అందుకే నువ్వు అడగకముందే రాస్తున్నాను.

తొలి ఏడే కప్పు గెలిస్తే జట్టు నిలదొక్కుకుంటుందని మీ ఆఫీసులో చాలామంది అంటారు. ఆ మాట నమ్మి నీ ప్రణాళిక వేసుకోకు. డెట్రాయిట్ డ్రైవ్ అనే జట్టు 1988లో అమెరికాలో ఈ ఆట ఆడించే అరీనా ఫుట్‌బాల్ లీగ్‌లో కొత్తగా చేరి ఆ ఏడాదే విజేత అయింది. 1993 వరకు ఆడిన ఆరు సీజన్లలోనూ ఫైనల్‌కు చేరి నాలుగుసార్లు గెలిచింది. ఆ తరువాత జట్టును అమ్మేశారు. అది మసాచుసెట్స్‌లోని వుస్టర్‌కు తరలిపోయి, అక్కడ ఒక్క సీజన్ ఆడి మూతపడింది. గెలుపు జనాన్ని తెస్తుంది, నిజమే. కానీ వచ్చిన మనిషి రెండోసారి, మూడోసారి ఎందుకు వస్తాడన్నదే నీ పని.

ఆ రెండోసారి రావడం తొలిసారి కూర్చున్న కుర్చీ దగ్గరే తేలుతుంది. మీ ఊరివాళ్ళకు పెద్ద మైదానంలో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ బాగా తెలుసు కాబట్టి ఇదీ అదే ఆట అనుకుని వస్తారు. ఐస్ హాకీ రింక్ మీద టర్ఫ్ (కృత్రిమ గడ్డి) పరిచి, 50 గజాల మైదానంలో, జట్టుకు ఎనిమిదిమందితో ఆడే ఈ ఆటలో పంట్ కొట్టడం (బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకు వదిలేయడం) ఉండదనీ, అరీనా లీగ్ పద్ధతిలో అయితే గోల్‌పోస్టుల పక్కన వలకు తగిలి వెనక్కి వచ్చిన బంతి ఇంకా ఆటలోనే ఉంటుందనీ ఎవరూ చెప్పకపోతే, మొదటి పావుగంట వాళ్ళకు అయోమయంలోనే గడిచిపోతుంది. వలలు లేకుండా ఆడే లీగ్‌లూ ఉన్నాయి. మీది ఏ పద్ధతో ముందు నువ్వు కచ్చితంగా తెలుసుకుని, ఒక్క పేజీలో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి తలుపు దగ్గరే చేతికి ఇప్పించు. ఇంకొక మాట మరచిపోకు: మైదానం చుట్టూ ఉండే మెత్తలు కప్పిన గోడను ఆనుకుని ఉన్న మొదటి వరుస సీట్లే అన్నిటికన్నా ముందు అమ్ముడవుతాయి, పరుగు మీద వచ్చిన ఆటగాడు ఆ గోడ దాటి పడేదీ ఆ వరుసలోనే. పసిపిల్లలతో వస్తున్నారా అని అడిగి, అవునంటే పై వరుసలో సీటు ఇవ్వు. ఎక్కువ ధర సీటు పోయిందని నీ పైవాళ్ళు అంటే, నేను చెప్పానని చెప్పు.

పేరున్న ఆటగాడి బొమ్మ పెట్టి సీజన్ టికెట్లు అమ్మకు. ఈ ఆటను కనిపెట్టిన జిమ్ ఫాస్టరే 1995లో డెమోయిన్‌లో ఐయోవా బార్న్‌స్టార్మర్స్ జట్టును మొదలుపెట్టాడు. అంతకుముందు కిరాణా దుకాణంలో రాత్రిపూట సరుకులు సర్దిన కర్ట్ వార్నర్ వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆటను నడిపించేవాడు. 1996లో, 1997లో జట్టును ఫైనల్‌కు తీసుకెళ్ళాడు; ఆ తరువాత పెద్ద మైదానపు లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్ళిపోయి 2000 జనవరిలో దాని ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. మంచి ఆటగాడు వెళ్ళడమే న్యాయం, మనం సంతోషించాలి. కానీ అతని కోసమే టికెట్ కొన్నవాడు మరుసటి ఏడాది మనకు మిగలడు. ఆట అయిపోయాక పిల్లలు టర్ఫ్ మీదికి దిగి ఆటగాళ్ళ చేత సంతకాలు చేయించుకునే ఆ అరగంటను అమ్ము. అది ఎవరు వెళ్ళినా ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఉచిత టికెట్లు పంచకు. మా రెండో సీజన్‌లో ఖాళీ కుర్చీలు టీవీలో కనబడకూడదని పైనుంచి ఒత్తిడి వచ్చి, ఊళ్ళో దుకాణాల కౌంటర్ల మీద కట్టలు కట్టలుగా టికెట్లు పెట్టించాను. అరీనా నిండింది, ఫొటోలు బాగా వచ్చాయి. మూడో మ్యాచ్‌కు ఒక పెద్దాయన, తొలి రోజు నుంచీ నాలుగు సీజన్ టికెట్లు కడుతున్నవాడు, నా బల్ల దగ్గరికి వచ్చి, తన పక్కసీటు అతను పెట్రోలు బంకులో దొరికిన టికెట్‌తో వచ్చాడనీ, అలాంటప్పుడు తాను డబ్బు ఎందుకు కట్టాలనీ నెమ్మదిగా అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన మళ్ళీ కట్టలేదు, ఆయనలాంటివాళ్ళు ఇంకా చాలామంది కట్టలేదు. బడులకూ అనాథ పిల్లల సంస్థలకూ ఇవ్వాలనుకుంటే పేరుపేరునా, ఎవరికి ఎన్ని అని పుస్తకంలో రాసి ఇవ్వు, సీజన్ టికెట్‌వాళ్ళకు ఆ సంగతి నువ్వే ముందుగా చెప్పు.

తేదీల విషయంలో తొందరపడకు. అరీనాలో హాకీ, బాస్కెట్‌బాల్ జట్లు ప్లేఆఫ్‌కు (సీజన్ చివర విజేతను తేల్చే మ్యాచ్‌లకు) చేరితే మన తేదీలు కదులుతాయి. అరీనావాళ్ళు రాతపూర్వకంగా ఖాయం చేయనిదే బృందాల టికెట్లకు డబ్బు తీసుకోకు.

డబ్బు గురించే ఇంకొకటి. అరీనా ఫుట్‌బాల్ లీగ్ 2008 డిసెంబరులో మరుసటి ఏడాది సీజన్‌నే రద్దు చేసింది. 2024లో అదే పేరుతో మళ్ళీ మొదలైనప్పుడు కొన్ని వారాల్లోనే అనేక జట్లు ఆగిపోయాయి. వచ్చే సీజన్ టికెట్‌కు జనం ముందుగా కట్టే డబ్బు ఇంకా ఆడని ఆటకు కట్టిన డబ్బు. మా మూడో ఏట జీతాల చెక్కులు ఆలస్యమైనప్పుడు కూడా మమ్మల్ని ఆ డబ్బు వసూలు చేస్తూనే ఉండమన్నారు, నేను రెండు వారాలు చేశాను కూడా. ఆ రెండు వారాలు నాకు ఇప్పటికీ బాధగా ఉన్నాయి. ఆటగాళ్ళ జీతాలు ఆగాయని నీకు తెలిసిన రోజున, తరువాతి ఏడాది టికెట్ల అమ్మకం ఆపమని యజమానిని రాతపూర్వకంగా అడుగు. ఆయన ఒప్పుకోకపోతే ఆ టికెట్లు అమ్మడానికి నువ్వు ఫోను ఎత్తకు, ఉద్యోగం పోయినా సరే. మీ అమ్మకు నేను చెప్పుకుంటాను.

మొదటి హోమ్ మ్యాచ్ తేదీ ఖాయమైతే రాయి. అత్తయ్యా నేనూ వస్తాం. రెండు టికెట్లు, పై వరుసలో, డబ్బు తీసుకునే ఇవ్వు.

ఇట్లు,
మీ మామయ్య