మీరడిగారు... మేం చెప్పాం

ప్ర: జేమ్స్ బాండ్ సినిమాలన్నీ చూశానండీ. ఇప్పుడు నవలలు మొదలెడదామనుకుంటున్నా. మొదటిదైన 'కేసినో రాయల్' చదవొచ్చా, మరీ పాతబడిపోయిందా?

జ: భేషుగ్గా చదవండి. ఇయాన్ ఫ్లెమింగ్ నవల, 1953లో వచ్చింది. ఛేజింగుల మీద ఆశ పెట్టుకోకండి, అసలు యుద్ధమంతా పేకాట బల్ల దగ్గరే. విలన్ లె షిఫ్‌తో బాకరా అనే పేకాట ఆడి బాండ్ ఉన్నదంతా ఊడ్చిపెట్టేస్తాడు. అమెరికన్ గూఢచారి లైటర్ ఫ్రాంకులు సర్దితేగానీ మళ్లీ ఆటలోకి రాడు!

నాకైతే మొదటి అధ్యాయమే ప్రాణం. హోటల్ గదికి రాగానే బాండ్, ఎవరైనా లోపలికి దూరారేమోనని, సొరుగులో ఇరికించిన తన తలవెంట్రుక చెక్కుచెదరకుండా ఉందా, అల్మరా పిడి మీద చల్లిన పౌడరు చెరిగిందా అని చూసుకుంటాడు. ఆఖరికి ఫ్లష్ ట్యాంకులో నీటి మట్టం కూడా! తుపాకీ పేలకుండానే మనకి గుండె దడ. తనకి సాయంగా వచ్చిన గూఢచారి శాఖ ఉద్యోగిని వెస్పర్ గురించి, అసలు ఆడవాళ్ల గురించే, అతగాడి ఆలోచనలు చదివితే మాత్రం ఒళ్లు మండుతుంది. చిత్రహింసల ఘట్టం రాత్రిపూట వద్దు.