క్లచ్ మార్చాక మళ్లీ మోత: పాత బాకీ పేరుతో గ్యారేజీ కారు ఆపుకోవచ్చా?

ప్రశ్న: నా దగ్గర 1970ల నాటి ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఉంది. సరదాకి నడుపుకుంటాను. క్లచ్ జారుతోందని, పెడల్ తొక్కితే గరగరమంటోందని ఒక గ్యారేజీలో ఇచ్చాను. క్లచ్ కిట్ ఆన్‌లైన్‌లో నేనే తెప్పించాను, లేబర్ వాళ్లది. ‘క్లచ్, బేరింగులు అన్నీ మార్చేశాం’ అని వాట్సాప్‌లో పెట్టి, డబ్బు తీసుకుని కారు అప్పగించారు. రెండు నెలలు తిరక్కముందే మళ్లీ మోత. ఈసారి న్యూట్రల్‌లో పెడల్ వదిలేసినప్పుడు వస్తోంది, తొక్కితే ఆగిపోతోంది. తీసుకెళ్తే ‘మీరు తెచ్చిన బేరింగే నాసిరకం, ఇంజిన్ మళ్లీ దించాలంటే లేబర్ మళ్లీ కట్టండి’ అన్నారు. పైగా అప్పట్లో నాకు చెప్పకుండా ఫ్లైవీల్‌కి (క్లచ్ ఆనే ఇంజిన్ చక్రానికి) లేత్ పని చేయించారట. ఆ బాకీ తీరిస్తేగానీ కారు ఇవ్వరట. నా దగ్గర చేతిరాత చీటీ తప్ప బిల్లు లేదు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ మీరు వేయాలనుకుంటున్న కేసు, ఆ మెకానిక్ చేస్తున్న వాదన రెండూ అసలు సంబంధం లేని బేరింగు చుట్టూ తిరుగుతున్నాయేమోనని నా అనుమానం. అది తేలకుండా నోటీసు పంపితే మొదటి వాయిదాలోనే ఇబ్బంది పడతారు.

మీరు చెప్పిన లక్షణాలే చూడండి. క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు మీద భారం పడేది పెడల్ తొక్కినప్పుడు. ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ చివర గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కును మోసే బుష్ కూడా, క్లచ్ విడిపోయి రెండు షాఫ్టులూ వేర్వేరు వేగాలతో తిరుగుతున్నప్పుడే అరుగుతుంది, అప్పుడే మోగుతుంది. మొదట్లో మీరు విన్న గరగర ఈ రెండింటిలో ఒకదానిదై ఉండొచ్చు. ఇప్పటి మోత అందుకు పూర్తిగా తిరగబడింది. న్యూట్రల్‌లో పెడల్ వదిలితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ తిరుగుతుంది, తొక్కితే ఆగుతుంది. దానితోపాటే శబ్దమూ ఆగుతోందంటే సాధారణంగా వేలు చూపించాల్సింది గేర్‌బాక్స్ ముందు భాగంలో ఆ షాఫ్టును మోసే బేరింగు వైపు. అది క్లచ్ కిట్‌లో రాదు. కాబట్టి ‘మీరు తెచ్చిన బేరింగు నాసిరకం’ అన్న మాట నిలవడం కష్టం. అదే సమయంలో ‘క్లచ్ సరిగ్గా బిగించలేదు’ అన్న మీ ఆరోపణ కూడా అంతే కష్టం. ఖాయంగా చెప్పాల్సింది ఇంజినీరు, నేను కాదు.

అంటే మీ కేసు పోయినట్టా? కాదు, దాని ఆకారం మారుతుంది. ‘బేరింగులు అన్నీ మార్చేశాం’ అని వాళ్లే రాసిన మెసేజ్ మీకు పెద్ద బలం. అందులో గేర్‌బాక్స్ బేరింగు కూడా ఉందని మీరు నమ్మారా, వాళ్లు ఆ ఉద్దేశంతోనే రాశారా, దానికి డబ్బు తీసుకున్నారా అన్నవే అసలు ప్రశ్నలు. తీసుకుని ఉంటే, గేర్‌బాక్స్ విప్పనే లేదని తేలితే, చేయని పనికి చార్జీ వేసినట్టే. కేవలం క్లచ్ పనికే మాట్లాడుకుని ఉంటే మాత్రం, దాదాపు యాభై ఏళ్ల గేర్‌బాక్స్‌లో ఒక బేరింగు అరిగినందుకు గ్యారేజీని పూచీ పడమని ఏ వినియోగదారుల కమిషనూ అనదు.

ఈ రెండింటి మధ్య మరో దారి ఉంది. నాకు అదే గట్టిగా కనిపిస్తోంది. మీ కారులో క్లచ్ మార్చాలంటే ఇంజిన్ బయటికి తీయాల్సిందే, కింద నుంచి గేర్‌బాక్స్ ఒక్కటే దించేసే వీలు లేదు. ఇంజిన్ తీశాక ఇన్‌పుట్ షాఫ్ట్ కళ్లెదుటే ఉంటుంది. చేత్తో తిప్పి, కదిపి చూస్తే గరుకుదనం, వదులు తెలుస్తాయి. ఇంత పెద్ద పని మళ్లీ మళ్లీ చేయించుకోలేరు కనుక, ‘ఇది కూడా పోయేలా ఉంది, ఇప్పుడే మారుద్దామా’ అని యజమానిని అడగడం ఆ వృత్తిలో ఉన్నవాళ్ల కనీస జాగ్రత్త. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం నష్టం కలిగించే నిర్లక్ష్యం, చేయాల్సింది చేయకపోవడం, తెలిసీ అవసరమైన సమాచారం దాచిపెట్టడం అన్నీ సేవాలోపమే. తెలిసి దాచారని రుజువు చేయడం కష్టం. చూడాల్సింది చూడలేదని రుజువు చేయడం అంతకంటే తేలిక. ఫిర్యాదులో రెండోదాని మీదే బరువు పెట్టండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. మీ సాక్ష్యమంతా బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ను కప్పి ఉంచే గుల్ల) లోపల ఉంది. ఇంజిన్ మళ్లీ దించిన మరుక్షణం అది చెదిరిపోతుంది. అందుకే ఇరుపక్షాల సమక్షంలో తప్ప దాన్ని ఎవరూ విప్పకుండా చూడండి, మీరు పిలిచిన వేరే మెకానిక్ అయినా సరే. లోపం ఉందని నిరూపించే భారం మొదట ఫిర్యాదుదారుడిదేనని సుప్రీంకోర్టు 2021లో మరోసారి స్పష్టం చేసింది. ముందుగా ఇంజిన్ వేడెక్కాక పెడల్ తొక్కుతూ, వదులుతూ, పాదం కనిపించేలా శబ్దంతో వీడియో తీయండి. తర్వాత గ్యారేజీకి రాతపూర్వకంగా తేదీ ఇచ్చి, ఫలానా ఆటోమొబైల్ ఇంజినీరు సమక్షంలో విప్పుదాం, మీరూ ఉండండి అని అడగండి. వాళ్లు రాకపోతే రాలేదన్నదే మీకు సాక్ష్యం.

విప్పినప్పుడు ఇంజినీరు చూడాల్సినవి ఆయనకే తెలుస్తాయి. నివేదికలో మాత్రం కొన్ని తప్పక రాయించండి. క్రాంక్ చివరి కంచు బుష్ కొత్తదా పాతదా? క్లచ్ ప్లేటు మీద వెనక సీలు నుంచి కారిన ఆయిల్ ఉందా? ఫ్లైవీల్ ముఖం నిజంగా లేత్ మీదికి వెళ్లిందా? రిలీజ్ బేరింగు ఎంత అరిగింది? ఎంజీబీకి మొదటినుంచీ వచ్చేది గ్రాఫైట్ దిమ్మ తరహా బేరింగు. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటుంటే అది త్వరగా అరిగిపోతుంది, గ్యారేజీ లాయరు మిమ్మల్ని మొదట అడిగేది ఆ అలవాటు గురించే. మొదటిసారి తీసేసిన పాత భాగాలు మీకు తిరిగిచ్చారా? ఇవ్వకపోతే ఇప్పుడైనా రాసి అడగండి.

కారు ఆపుకోవడం సంగతి. ఇందులో చట్టం దాదాపు పూర్తిగా మీ వైపే ఉంది. భారత కాంట్రాక్టు చట్టం 1872, సెక్షన్ 170 ప్రకారం ఒకరి వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవాడు తనకు రావాల్సిన కూలి అందేదాకా ఆ వస్తువును అట్టిపెట్టుకోవచ్చు. చట్టంలోనే ఉదాహరణలిచ్చారు: వజ్రాన్ని సానపట్టినవాడు డబ్బు అందేదాకా దాన్ని ఇవ్వనక్కర్లేదు. కోటు కుట్టగానే ఇచ్చేస్తాను, డబ్బు మూడు నెలల తర్వాత ఇవ్వండి అన్న దర్జీకి మాత్రం ఆపే హక్కు లేదు. ఈ హక్కు వస్తువు చేతిలో ఉన్నంతవరకే. మీ గ్యారేజీ మొదటి పని అయ్యాక కారు మీకు అప్పగించేసింది, ఆ పని తాలూకు హక్కు అక్కడితో ముగిసింది. రెండు నెలల తర్వాత కారు మరో పనికి వచ్చిందని పాత బాకీ కోసం పట్టుకోవడం కుదరదు. అలా ఏ పాత బాకీకైనా పట్టుకోగల హక్కు సెక్షన్ 171 కింద కొందరికే ఉంది: బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు (ఇతరుల సరుకు తమ దగ్గర ఉంచుకుని అమ్మిపెట్టే ఏజెంట్లు), రేవు గిడ్డంగుల వాళ్లు, హైకోర్టు అటార్నీలు, బీమా పాలసీ బ్రోకర్లు. మెకానిక్ ఆ జాబితాలో లేడు. విడిగా అలాంటి ఒప్పందం రాసుకుని ఉంటే తప్ప, ఆ దారి మూసుకున్నట్టే. (అటార్నీలకు ఇచ్చి మెకానిక్‌కి ఇవ్వకపోవడం న్యాయమా అని అడక్కండి, 1872లో రాసినవాళ్లెవరో మీకు తెలిసిందే.)

ఇవ్వమని అడిగాక కూడా ఇవ్వకపోతే, ఇవ్వాల్సిన సమయం నుంచి కారుకు జరిగే నష్టానికి సెక్షన్ 161 కింద వాళ్లే బాధ్యులు. ఫ్లైవీల్ లేత్ పని బాకీ వేరే విషయం. పాత క్లచ్ మార్చేటప్పుడు ఫ్లైవీల్ ముఖం సరిచేయడం తరచూ అవసరమే. ఆ పని నిజంగా జరిగి, దాని లాభం మీరు పొందారని తేలితే సెక్షన్ 70 కింద న్యాయమైన మొత్తం అడిగే అవకాశం వాళ్లకు ఉంది. అడగడానికి వీలుంది, కారు ఆపడానికి లేదు. కారు వెంటనే కావాలనుకుంటే ‘నా అభ్యంతరాలు, హక్కులు నిలుపుకుంటూ చెల్లిస్తున్నాను’ అని రాసి, రసీదు తీసుకుని కట్టేయండి. తర్వాత తిరిగి అడగొచ్చు. పోలీసు స్టేషన్‌కి మాత్రం పరుగెత్తకండి, ఇది సివిల్ తగాదా అని పంపించేస్తారు.

కిట్ మీరే తెచ్చారన్నది గ్యారేజీని పూర్తిగా విడిపించదు. భాగం నాణ్యతకు అమ్మినవాడు, బిగించిన పనికి గ్యారేజీ బాధ్యులు. ‘కస్టమర్ తెచ్చిన భాగాలకు మాది పూచీ కాదు’ అని గోడకు బోర్డు పెట్టుకున్నా అది పనితనానికి వర్తించదు. ఇంజినీరు నివేదికలో కిట్ మీద కూడా అనుమానం ఉంటే అమ్మినవాడినీ రెండో ప్రతివాదిగా చేర్చండి. లేకపోతే గ్యారేజీ తప్పంతా అక్కడ లేని మనిషి మీదికి నెట్టేస్తుంది. నివేదిక కిట్‌ను తప్పుపట్టకపోతే ఊరికే చేర్చి కేసు సాగదీయొద్దు.

ఫిర్యాదు మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, గ్యారేజీ ఎక్కడున్నా సరే. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు గడువు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. నోటీసు అందాక ప్రతివాదికి జవాబుకు 30 రోజులు, కమిషన్ దయతలిస్తే మరో 15. అంతకు మించి ఇవ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి చూడండి, చిన్న గ్యారేజీలు చాలాసార్లు అక్కడే దిగొస్తాయి. బిల్లు ఇవ్వకపోవడం చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి కాబట్టి ఆ చీటీని పారేయకండి, అదీ వాడుకోవచ్చు. వాట్సాప్ మెసేజ్‌లు ప్రింటు తీసుకున్నా ఫోన్‌లో చెరిపేయకండి, అసలు ఫోనే అవసరం కావచ్చు. మీరు పాత కార్లు కొని బాగుచేసి అమ్మే వ్యాపారంలో ఉంటే మాత్రం ‘వినియోగదారుడు’ కాదన్న అభ్యంతరం వస్తుంది. సరదాకి ఒక్క కారు ఉంచుకున్నవారికి ఆ సమస్య లేదు.

ఏమడగాలి? లేబర్ తిరిగివ్వడం, లేదా గేర్‌బాక్స్ బేరింగు ఖరీదు మీరు భరిస్తే రెండోసారి దించి ఎక్కించే లేబర్ వాళ్లు భరించడం. న్యాయంగా చూస్తే రెండోదే సరైనదని నేననుకుంటాను, ఎందుకంటే ఆ బేరింగు ఎప్పుడైనా మార్చాల్సిందే. కారు విలువంతా అడగాలని ఎవరైనా ఎగదోస్తే వినకండి. వారంటీ ఉన్న కొత్త కారు విషయంలోనే, లోపమున్న భాగం మార్చమనాలి తప్ప కారే మార్చమనడం సరికాదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది.

రాజీ కుదిరితే కాగితం మీద పెట్టండి: ఏయే బేరింగులు, ఎవరి ఖర్చు, ఎన్ని నెలల పూచీ. ‘అన్ని బాకీలు తీరిపోయాయి’ అన్న కాగితం మీద సంతకం మాత్రం కారు వేడెక్కేదాకా నడిపి, న్యూట్రల్‌లో పెడల్ వదిలి విన్నాకే చేయండి.