"మేమూ దెబ్బలు తిన్నాం" అనే పెద్దలకు ఏం చెప్పాలి?

మీ అబ్బాయిని టీచర్ కర్రతో కొట్టారనీ, అడుగుదామంటే "మేమంతా దెబ్బలు తినే బాగుపడ్డాం" అని మామగారు ఆపేస్తున్నారనీ రాశారు. ఆయనతో గొడవ పడకండి. దెబ్బల భయంతో చదువు మానేసినవాళ్లు కూడా ఆయన తరంలో ఉండే ఉంటారు, వాళ్ల గురించి అడగండి.

ఒకప్పుడు చాలామంది ఆయనలాగే అనుకున్నారు. అయినా పోలండ్ 1783లోనే బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది. బ్రిటన్‌లో మాత్రం ప్రభుత్వ బడుల నుంచి బెత్తాన్ని తీసేయడానికి 1986లో కూడా దిగువ సభలో ఒక్క ఓటు తేడాతోనే ఆమోదం దొరికింది! స్వీడన్ 1979లో ఇంట్లో కొట్టడాన్నీ నిషేధించి, ఆ సంగతి ప్రతి ఇంటికీ తెలియాలని పాల డబ్బాల మీద కూడా ముద్రించింది. నాకు అది చాలా నచ్చింది. చట్టంతో పాటు పెద్దలకు నచ్చజెప్పే ఓపిక కూడా కావాలి.

మామగారు ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు. ముందు బాబుతో ఒంటరిగా మాట్లాడి, తప్పు వాడిది కాదని చెప్పండి. వాతలుంటే ఫోటో తీసి, తేదీ రాసుకోండి. టీచర్‌ని అందరి ముందూ నిలదీయకుండా హెడ్మాస్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. ఇకపై కొట్టకుండా ఏం చేస్తారో జవాబు కూడా రాతలోనే అడగండి.