టూ స్ట్రోక్ ఏటీవీ: కొనొచ్చా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను. పాత యమహా బాన్షీ ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద నడిపే నాలుగు చక్రాల బండి) ఒకటి బేరానికొచ్చింది. టూ స్ట్రోక్ కదా, మెయింటెనెన్స్ కష్టమా?

కష్టమేం కాదు, కానీ బద్ధకస్తులకు పనికిరాదు. 347 సీసీ, రెండు సిలిండర్ల బండి అది. అక్కడ 2006 దాకా అమ్మారు. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరిగే ప్రతి చుట్టుకీ సిలిండర్‌లో మంట పుడుతుంది, ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకోసారే. దీని పోర్టులు (సిలిండర్ గోడలోని రంధ్రాలు), పొగ గొట్టం ఎక్కువ ఆర్‌పీఎమ్‌కి తగ్గట్టు ఉంటాయి కాబట్టి కింది ఆర్‌పీఎమ్‌లో మొద్దులా ఉండి, పైకెళ్లాక ఒక్కసారిగా లాగుతుంది. ఇసుక దిబ్బల మీద అదే మజా. ఇరుకు దారుల్లో మాత్రం క్లచ్ నొక్కీ నొక్కీ వేళ్లు పట్టేస్తాయి. సెల్ఫ్ లేదు, కిక్కే.

ఆయిల్ మనమే కలపాలి, ఒకప్పుడు మన బంకుల్లో స్కూటర్లకి టూటీ ఆయిల్ పోయించుకున్నట్టు. 32:1 పాళ్లయితే 5 గ్యాలన్ల పెట్రోలుకి 20 ఔన్సులు. ఒక్కసారి మర్చిపోయారా, పిస్టన్ పట్టేస్తుంది. క్రాంక్ సీలు దగ్గర గాలి లీకైనా అదే గతి. ప్లగ్ విప్పి చూడండి: గోధుమ రంగైతే సరే, తెల్లగా పాలిపోతే పెట్రోలు తక్కువ అందుతున్నట్టే. చలికాలంలో గాలి చిక్కబడుతుంది, దానికి తగ్గట్టు పెట్రోలు ఎక్కువ అందాలంటే కార్బ్యురేటర్‌లో జెట్ (పెట్రోలు వదిలే సన్న రంధ్రం ఉన్న ముక్క) మార్చాల్సి రావచ్చు.

పిస్టన్లు, రింగులు ఫోర్ స్ట్రోక్ కన్నా త్వరగా అరుగుతాయి. అయితే వాల్వులు, క్యామ్ షాఫ్టు లేవు కాబట్టి హెడ్, సిలిండర్లు విప్పి వాటిని మార్చడం ఇంటి గరాజ్‌లోనే అయిపోతుంది. కొనేముందు కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది) పెట్టించండి. రెండు సిలిండర్ల రీడింగులకీ బాగా తేడా ఉంటే, ఆ రిపేరు ఖర్చు ధరలో తగ్గించమనండి.