రేడియేషన్ తర్వాత రొమ్ములో గుంట: కొవ్వుతో నింపుకోవచ్చా? స్టెమ్‌సెల్స్ కలపాలా?

ప్రశ్న: నా వయసు 44. రెండేళ్ల కిందట ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశారు. రొమ్ము మొత్తం తీయలేదు. చంకలో మూడు గ్రంథులు తీసి పరీక్షించి, వాటికి పాకలేదన్నారు. తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు క్యాన్సర్ తిరగబెట్టకుండా టామోక్సిఫెన్ మాత్రలు వాడుతున్నాను. గడ్డ తీసిన చోట, చంక వైపు, రెండు వేళ్లు పట్టేంత గుంట పడింది. అక్కడి చర్మం బిగుసుకుపోయి లోపలికి లాగినట్టుంటుంది. ఒక కాస్మెటిక్ క్లినిక్‌లో అడిగితే పొట్ట దగ్గరి కొవ్వు తీసి నింపుతామన్నారు. అందులో స్టెమ్‌సెల్స్ కలిపితే ఒక్కసారికే సరిపోతుందని, దానికి వేరే ప్యాకేజీ అని చెప్పారు. స్టెమ్‌సెల్స్ వల్ల క్యాన్సర్ తిరగబెడుతుందేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు చెప్పినటువంటి గుంటకు సొంత కొవ్వు నింపడం మంచి చికిత్స. చిన్న గుంటకు, అందులోనూ రేడియేషన్ పడిన చోట, సిలికాన్ ఇంప్లాంట్ కంటే ఇదే మేలు. అయితే ఒక్కసారితో పూర్తవుతుందన్న మాట నమ్మకండి. రెండు విడతలు మామూలే, కొందరికి మూడు కావాలి. స్టెమ్‌సెల్స్ అంటే కొత్త కణాలను పుట్టించగల మూలకణాలు, వాటి ప్యాకేజీకి మాత్రం డబ్బు కట్టొద్దు. మీ ఒంట్లోంచి తీసే కొవ్వులో ఆ కణాలు ఎలాగూ ఉంటాయి.

ముందు మీ భయం సంగతి చూద్దాం, అది ఊరికే పుట్టింది కాదు. 1987లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘమే రొమ్ములో కొవ్వు ఎక్కించవద్దని చెప్పింది. చనిపోయిన కొవ్వులో సున్నం పేరుకుని మామోగ్రామ్‌లో క్యాన్సర్‌లా కనిపించవచ్చు, లేదా అసలు క్యాన్సర్‌నే కప్పేయవచ్చు అన్నది వాళ్ల ఆందోళన. ఆ తర్వాత స్కానింగ్‌లు మెరుగుపడ్డాయి, రెండింటికీ తేడా చెప్పడం రేడియాలజిస్టులకు అలవాటైంది. అదే సంఘం 2009లో తన వైఖరి మార్చుకుంది. రెండో అనుమానం స్టెమ్‌సెల్స్ గురించి. ల్యాబ్‌లో క్యాన్సర్ కణాల పక్కన కొవ్వులోని మూలకణాలను పెంచితే క్యాన్సర్ కణాలు చురుకవుతాయని చూపించిన ప్రయోగాలున్నాయి. కానీ చికిత్స చేయించుకున్న స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి, కొవ్వు ఎక్కించినవారినీ ఎక్కించనివారినీ పోల్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువైనట్టు తేలలేదు. ఇటలీలోని మిలన్ సర్జన్లు మాత్రం, పాలనాళాలు దాటని తొలిదశ క్యాన్సర్ ఉన్న ఒక చిన్న బృందంలో అనుమానం కనిపించిందని హెచ్చరించారు. అందుకే మీ పాత బయాప్సీ రిపోర్టు సర్జన్ చదవకుండా తేదీ ఇస్తానంటే ఒప్పుకోకండి. అందులో క్యాన్సర్ రకం, అది ఎంత దూకుడైనదో చెప్పే గ్రేడు, తీసిన ముక్క అంచుల్లో కణాలు మిగిలాయా లేదా అన్న మూడూ చూడాలి.

మీకు రెండేళ్లు దాటాయి కాబట్టి సమయం సరిపోయినట్టే. రేడియేషన్ ముగిశాక కనీసం ఆరు నెలలు, చాలామంది సర్జన్లు ఏడాది ఆగుతారు. చర్మం వాపు, ఎరుపు తగ్గి మచ్చ స్థిరపడాలి కదా. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల్లోపు తీసిన మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చేతిలో ఉండాలి. అనుమానం ఉంటే ఎమ్మారై తీయించుకోవాలి. మీది 50 లోపు వయసు కనుక, వంశపారంపర్యంగా వచ్చే క్యాన్సర్ ముప్పును చెప్పే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష చేయించుకోకపోతే ఇప్పుడైనా చేయించుకోండి. అందులో మార్పు ఉన్నట్టు తేలితే రొమ్ములు పూర్తిగా తీయించుకోవాలా అన్న ప్రశ్న ముందుకొస్తుంది. రేపు తీసేయాల్సి వచ్చే రొమ్ముకు ఇవాళ కొవ్వు నింపడంలో అర్థం లేదు.

ఇక అసలు పని. కొవ్వును ఎక్కించడం పెద్ద కష్టం కాదు, దాన్ని బతికించడమే కష్టం. లైపోసక్షన్‌తో, అంటే గొట్టంతో పీల్చి తీసిన కొవ్వుకు రక్తనాళాలు తెగిపోతాయి. కొత్త చోట నాళాలు పుట్టుకొచ్చేదాకా, అంటే మొదటి కొన్ని రోజులు, చుట్టూ ఉన్న కండ, చర్మం నుంచి ఊరివచ్చే ఆక్సిజన్ మీదే అది బతకాలి. ఆ ఆక్సిజన్ చాలా కొద్ది దూరమే వెళ్తుంది. కొవ్వు ముద్ద అంచు నుంచి మిల్లీమీటరులో మూడో వంతు లోతు వరకే కొవ్వు కణాలు బతికి నిలబడతాయి. దానికి లోపలి పొరలో పాత కొవ్వు కణాలు చనిపోయినా, ఆక్సిజన్ లేమిని తట్టుకోగల మూలకణాలు మిగిలి, రెండు మూడు నెలల్లో కొత్త కొవ్వు కణాలను పుట్టిస్తాయి. ఇంకా లోపలుంటే రెండూ చనిపోతాయి. అక్కడ మిగిలేది నూనె, మచ్చ. వరి నారును కట్టలకు కట్టలు ఒకేచోట పాతితే నడిమి మొక్కలు కుళ్లిపోయినట్టే ఇది. విడదీసి, సన్నగా, దూరదూరంగా నాటాలి.

కాబట్టి సర్జన్ చేతి పద్ధతే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. మీకు మత్తు ఇచ్చాక, కొవ్వు తీసే చోట రింగర్ ల్యాక్టేట్ అనే లీటరు సెలైన్‌లాంటి ద్రవంలో ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్, కొంత లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు కలిపి ఎక్కిస్తారు. రక్తనాళాలు ముడుచుకోవడానికి పది పదిహేను నిమిషాలు ఆగాలి. తొందరపడితే తీసిన కొవ్వులో రక్తం ఎక్కువగా వస్తుంది. తర్వాత మూడు, నాలుగు మిల్లీమీటర్ల గొట్టంతో, సిరంజి పిస్టన్‌ను మెల్లగా లాగుతూ తీస్తారు. యంత్రం గట్టిగా పీలిస్తే కణాలు చితికిపోతాయి. తీసిందంతా కొవ్వు కాదు. సిరంజిని నిలబెట్టినా, సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 3000 చుట్లతో మూడు నిమిషాలు తిప్పినా మూడు పొరలుగా విడిపోతుంది. పైన పగిలిన కణాల నూనె, అడుగున రక్తం కలిసిన నీళ్లు, మధ్యలో పసుపురంగు కొవ్వు. పైదీ కిందదీ పారబోసి నడిమిదే వాడతారు. కొందరు సెంట్రిఫ్యూజ్ బదులు జల్లెడలాంటి ఫిల్టర్‌లో కడుగుతారు, అదీ మంచిదే. ఏ పద్ధతైనా కొవ్వును గాలికి ఎక్కువసేపు ఆరబెట్టకుండా త్వరగా ఎక్కించడం ముఖ్యం.

ఎక్కించేటప్పుడు సుమారు రెండు మిల్లీమీటర్ల, మొన మొద్దుగా ఉన్న గొట్టం వాడతారు. దాన్ని లోపలికి పోనిచ్చి, వెనక్కి లాగుతూ మాత్రమే, ఒక్కో దారిలో ఒక మిల్లీలీటరు కంటే తక్కువ వదలాలి. రెండు మూడు చిన్న రంధ్రాల నుంచి, వేర్వేరు దిశల్లో, వేర్వేరు లోతుల్లో, చర్మం కింద, ఛాతీ కండరం మీద గీతలుగా పేర్చుకుంటూ పోవాలి. మీకు చర్మం లోపలికి లాగుతోందంటే మచ్చ తీగలు కిందికి పట్టి ఉంచాయన్నమాట. వాటిని లావుపాటి సూదితో అక్కడక్కడా తెంపుతారు. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. గుంట ఒక్కసారే పైకి లేవాలని తీగలన్నీ తెంపేస్తే లోపల ఖాళీ గది ఏర్పడుతుంది. కొవ్వు అందులో మడుగు కట్టి, నడుమ చనిపోయి నూనె తిత్తిగా మారుతుంది. ఎంత ఎక్కించాలన్నదీ ఇలాంటిదే. మీ గుంటకు ఒక విడతలో 40 నుంచి 80 మిల్లీలీటర్లు పట్టొచ్చు. రేడియేషన్ పడిన చర్మం సాగదు. బలవంతంగా నింపితే లోపలి ఒత్తిడికి సన్నటి నాళాలు నొక్కుకుపోయి ఉన్న రక్తం కూడా అందదు. చర్మం తెల్లబడుతున్నా, రంధ్రంలోంచి కొవ్వు వెనక్కి కారుతున్నా అక్కడితో ఆపేసే సర్జనే మీకు కావాలి.

ఎక్కించిన దాంట్లో 50 నుంచి 70 శాతం నిలిస్తే మంచి ఫలితం. రేడియేషన్ పడిన చోట ఇంకా తగ్గవచ్చు. మొదటి నెలలో వాపు వల్ల నిండుగా కనిపిస్తుంది, తర్వాత తగ్గుతుంది. అది చూసి ఆపరేషన్ పాడైందని అనుకోవద్దు. మూడు నెలలకు ఎంత నిలిచిందో తెలుస్తుంది. రెండో విడత మూడు నుంచి ఆరు నెలల మధ్య చేస్తారు. మొదటి విడతలో పరిమాణం అంతగా పెరగకపోయినా చర్మం మెత్తబడి, కింది భాగం నుంచి విడివడి, వేళ్లతో పట్టుకుంటే పైకి లేస్తుంది. అందుకే రెండో విడతలో ఎక్కువ కొవ్వు పడుతుంది, ఎక్కువ నిలుస్తుంది. రేడియేషన్ దెబ్బతిన్న చర్మానికి కొవ్వు ఇలా జీవం పోస్తుందని 2007లో ఇటలీ సర్జన్లు చూపించారు. రీజెనరేటివ్ మెడిసిన్, అంటే దెబ్బతిన్న భాగాన్ని మళ్లీ బాగుచేసే వైద్యం అన్న పేరుకు ఈ చికిత్సలో నిజంగా తగిన భాగం ఇదే, దీనికి విడిగా ప్యాకేజీ అక్కర్లేదు.

మరి స్టెమ్‌సెల్స్ కలపడం అంటే ఏం చేస్తారు? తీసిన కొవ్వులో కొంత భాగాన్ని కొలాజినేజ్ అనే ఎంజైమ్‌తో కరిగించి, కడిగి, అడుగున దిగిన కణాలను మిగతా కొవ్వులో కలుపుతారు. అందులో మూలకణాలు కొన్నే, మిగతావి రక్తకణాలు, నాళాల గోడల కణాలు. డెన్మార్క్‌లో జరిగి 2013లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్‌ను కొందరు ప్రకటనల్లో చూపిస్తుంటారు. అక్కడ స్టెమ్‌సెల్స్ కలిపిన కొవ్వు దాదాపు 80 శాతం నిలిచింది, కలపనిది 16 శాతమే. కానీ అది పదిమంది ఆరోగ్యవంతుల చేతుల్లో చేసిన ప్రయోగం. ల్యాబ్‌లో పెంచి కొన్ని కోట్లకు చేర్చిన కణాలవి. అదే పూట ఎంజైమ్‌తో వడకట్టి కలిపే పద్ధతికీ, క్యాన్సర్ వచ్చి రేడియేషన్ తీసుకున్న రొమ్ముకూ ఆ లెక్క వర్తించదు. మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి లాంటి ఆమోదం పొందినవి తప్ప, స్టెమ్‌సెల్ చికిత్సలేవైనా అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి. కాబట్టి ఆ క్లినిక్‌ను ఒక్కటే అడగండి: దేశంలోని క్లినికల్ ట్రయల్స్‌ను నమోదుచేసే సీటీఆర్‌ఐలో రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటని. ట్రయల్ అయితే ఆ నంబరు ఉంటుంది, ప్రయోగంలో భాగమైన చికిత్సకు మీ దగ్గర ప్యాకేజీ ధర తీసుకోకూడదు. నంబరు లేకపోతే అక్కడి నుంచి వచ్చేయండి.

నానోఫ్యాట్ అన్న మాట కూడా వినిపిస్తుంది. కొవ్వును రెండు సిరంజిల మధ్య ముప్పైసార్లు అటూ ఇటూ నెట్టి వడకడితే వచ్చే పల్చటి ద్రవం అది. అందులో బతికున్న కొవ్వు కణాలు దాదాపు ఉండవు, గుంట నిండదు. మచ్చను మెత్తబరచడానికి పైపొరలో కొద్దిగా వాడతారు, అంతవరకే.

పొట్ట దగ్గరి కొవ్వు తీస్తామన్నారన్నది నన్ను ఆలోచింపజేసింది. ఒకవేళ ఎప్పుడైనా రొమ్ము పూర్తిగా తీయాల్సి వస్తే, కొత్త రొమ్ము తయారుచేయడానికి అత్యుత్తమ సామగ్రి పొత్తికడుపు చర్మం, కొవ్వే. రక్తనాళాలతో సహా తెచ్చి అతికించే ఆ ముక్కను డీప్ (డీఐఈపీ) ఫ్లాప్ అంటారు. కండరంలోంచి పైకి వచ్చే సన్నటి రక్తనాళాల మీద అది బతుకుతుంది. లైపోసక్షన్ గొట్టం వాటిని తెంపితే ఆ దారి దెబ్బతింటుంది. మీకు కావలసిన కొవ్వు తక్కువే కనుక తొడల నుంచి, నడుము పక్కల నుంచి తీయమని అడగండి. తొడ కొవ్వు కన్నా పొట్ట కొవ్వు బాగా నిలుస్తుందని చెప్పే గట్టి ఆధారమేమీ లేదు.

టామోక్సిఫెన్ వల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. ఆపరేషన్ ముందు ఆపాలా, ఎన్ని రోజులన్నది మీ ఆంకాలజిస్టు, సర్జన్ మాట్లాడుకుని చెప్పాలి. మీరుగా ఒక్క మాత్ర కూడా మానొద్దు. షుగరు ఉంటే అదుపులోకి తెచ్చుకోండి. పొగాకు ఏ రూపంలో ఉన్నా నాలుగు వారాల ముందే మానాలి. బరువు తగ్గాలనుకుంటే ముందే తగ్గండి, తర్వాత కాదు. ఎక్కించిన కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోటి స్వభావమే ఉంచుకుంటుంది, ఒళ్లు తగ్గితే అదీ తగ్గుతుంది.

సాధారణంగా అదే రోజు లేదా మర్నాడు ఇంటికి పంపుతారు. తొడలకు బిగుతు తొడుగు నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోవాలి. కమిలిన మచ్చలు రెండు మూడు వారాల్లో పోతాయి. రొమ్ముకు మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం: బిగుతు బ్రా, ఐసు పెట్టడం, మర్దన, ఆ పక్కకు తిరిగి పడుకోవడం, ఏవీ నాలుగు వారాలు కుదరవు. ఎడమ భుజాన హ్యాండ్‌బ్యాగు తగిలించుకోవద్దు. రొమ్ము ఎర్రబడి నొప్పి పెరుగుతూ జ్వరం వస్తే మర్నాటిదాకా ఆగకుండా సర్జన్‌కు చూపించండి. ఆయాసం, ఛాతీలో పొడిచే నొప్పి, ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఊపిరితిత్తి పొరకు గొట్టం తగలడం, రక్తం గడ్డకట్టడం అరుదే గానీ అవి ఇంట్లో చూసుకునేవి కావు.

కొన్ని నెలల తర్వాత ఆ చోట బఠాణీ అంత గట్టి ముద్ద తగలొచ్చు. చాలావరకు అది చనిపోయిన కొవ్వు, నూనె తిత్తి. కానీ మీకు ఒకసారి క్యాన్సర్ వచ్చింది కనుక, కొవ్వు గడ్డేలే అని ఎవరైనా చేత్తో నొక్కి చెబితే సరిపోదు. అల్ట్రాసౌండ్ చేయాలి, తేలకపోతే సూదితో బయాప్సీ తీయాలి. పెరుగుతున్న ముద్దకు బయాప్సీ తప్పనిసరి. ఆరు నెలలకో, ఏడాదికో తీసే మామోగ్రామ్ అప్పుడు కొవ్వు ఎప్పుడు, ఎంత ఎక్కించారో రాసిన డిశ్చార్జి సమ్మరీని రేడియాలజిస్టుకు చూపించండి, పాత ఫిల్ములూ వెంట తీసుకెళ్లండి.

ఖర్చు విషయానికొస్తే, ఆరోగ్య బీమాలో కాస్మెటిక్ ఆపరేషన్లకు డబ్బు ఇవ్వరు. కానీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల నిబంధనలో ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణం ఆ నిషేధంలోకి రాదని స్పష్టంగా ఉంది. క్లెయిమ్ ఎక్కువగా తిరస్కరించేది కాగితాల మీద లైపోసక్షన్ అనో, కాస్మెటిక్ అనో రాయడం వల్లే. అడ్మిషన్ నోట్, అంచనా బిల్లు, సమ్మరీ మూడింటిలోనూ క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్ తర్వాత రొమ్ము పునర్నిర్మాణం అని సర్జన్ చేత రాయించుకుని, ఆంకాలజిస్టు లేఖ జతచేసి, ఆపరేషన్‌కు ముందే ప్రీ ఆథరైజేషన్‌కు, అంటే బీమా కంపెనీ ముందస్తు అనుమతికి పంపండి. క్యాన్సర్ ఆస్పత్రికి అనుబంధంగా ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉన్న చోట ఈ కాగితాలన్నీ ఒకే ఫైల్లో దొరుకుతాయి. మీ పాత రిపోర్టులు చూసే అవకాశం లేని కాస్మెటిక్ క్లినిక్ కన్నా అలాంటి చోటుకే వెళ్లండి.