ఆ నల్లమచ్చకు క్రీమ్ వెతక్కండి, మాత్ర పేరు వెతకండి

అడిగిన ప్రశ్న ఇది: "విరేచనాలకు మాత్ర వేసుకున్న ప్రతిసారీ కింది పెదవి మీద సరిగ్గా ఒకేచోట మంట పుట్టి నల్లమచ్చ పడుతోంది. ఇంట్లోవాళ్ళు వేడి చేసిందంటున్నారు. మచ్చ పోవడానికి ఏ క్రీమ్ రాయాలి?"

వేడి చేయలేదు, పురుగు పాకలేదు. ఆ మాత్ర మీకు పడటం లేదు. మందు వేసుకున్నప్పుడల్లా పాత చోటే మచ్చ రేగడాన్ని చర్మవైద్యులు ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. 1894లో ఫ్రెంచి వైద్యుడు బ్రోక్ దీనికి పేరు పెట్టింది కూడా అప్పట్లో జ్వరానికీ నొప్పులకీ మామూలుగా వాడే యాంటీపైరిన్ అనే మందు వల్ల వచ్చిన మచ్చలు చూసే.

ఇది నడిచే తీరు ఇలా ఉంటుంది. రాత్రి పెళ్ళిభోజనం, తెల్లారేసరికి కడుపు పాడు. షాపులో నాలుగు బిళ్ళలు కొని ఒకటి వేసుకుంటారు. అరగంట నుంచి ఎనిమిది గంటల్లోపు పెదవి అంచున చురుక్కుమంటుంది. అద్దంలో చూస్తే బఠాణీ గింజంతో రూపాయి బిళ్ళంతో గుండ్రటి మచ్చ. ఎర్రగా మొదలై నేరేడుపండు రంగుకి తిరుగుతుంది. అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది, కొందరికి మధ్యలో నీటిబొబ్బ లేస్తుంది. నాలుగైదు రోజులకు చెక్కు కట్టి రాలి, బూడిద కలిసిన నలుపు మిగులుతుంది. ఆ నలుపు నెలల తరబడి పోదు.

ఒకేచోట ఎందుకంటే, మొదటిసారి రేగినప్పుడు అక్కడికి చేరిన టీ కణాలు (ఒంటిని కాపాడే ఒక రకం తెల్లరక్తకణాలు) కొన్ని తిరిగి వెళ్ళవు. చర్మం పైపొర అడుగున అక్కడే కాపురం పెడతాయి. మళ్ళీ అదే మందు రక్తంలోకి వస్తే చుట్టూ ఉన్న చర్మకణాల మీద పడతాయి. దెబ్బతిన్న పొరలోని నల్లరంగు కింది పొరలోకి జారి అక్కడ ఇరుక్కుంటుంది. తెల్లబరిచే క్రీములు అంత లోతున పనిచేయవు.

ఇక మందులు. మన దగ్గర విరేచనాలకు అలవాటుగా ఇచ్చే జంట మాత్రల్లో ఆఫ్లోక్సాసిన్ 200 మి.గ్రా. ఓర్నిడజోల్ 500తోనో, నార్‌ఫ్లోక్సాసిన్ 400 టినిడజోల్ 600తోనో కలిసి ఉంటుంది. జంటలో ఇద్దరూ ఈ మచ్చకు పేరుపడ్డవాళ్ళే, కాబట్టి దోషి ఎవరో మీరు ఇంట్లో తేల్చలేరు. బ్రాండు పేరు చివర టీజెడ్, ఓజెడ్ అని ఉంటే సాధారణంగా టినిడజోల్, ఓర్నిడజోల్ అని అర్థం. "నిడజోల్" అని ముగిసేవన్నీ ఒకే కుటుంబం, ఒకటి పడనివాళ్ళకు రెండోదీ పడకపోవచ్చు. పన్ను పీకాక ఇచ్చే మెట్రోనిడజోల్ అందులోదే. తెల్లబట్టకు ఇచ్చే మూడు మందుల కిట్‌లోని సెక్నిడజోల్ కూడా అంతే, పైగా ఆ కిట్‌లో ఉండే ఫ్లూకోనజోల్ కూడా విడిగా ఈ మచ్చ తెప్పించగలదు. సల్ఫా మాత్ర కోట్రైమోక్సజోల్, డాక్సీసైక్లిన్, నొప్పులకు వాడే ఐబుప్రోఫెన్, నెప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్, అప్పుడప్పుడు పారాసెటమాల్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి.

మీరు ప్రశ్నలో మాత్ర పేరు రాయలేదు. తప్పు మీది కాదు. స్ట్రిప్పుని కత్తెరతో కోసి నాలుగు బిళ్ళలు తెల్లకవర్లో వేసి ఇస్తే, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. జనం చేతికి వచ్చేది "పసుపు బిళ్ళ, పొద్దునా రాత్రీ". ఈ కత్తిరింపు అలవాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. పేరున్న వైపు ముక్కే ఇమ్మని గట్టిగా అడగండి, అది కుదరకపోతే కొయ్యకముందే స్ట్రిప్పు వెనకవైపు ఫోటో తీసుకోండి. అసలు మామూలు నీళ్ళ విరేచనాలకు ఈ జంట మాత్రలు చాలావరకు అక్కర్లేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరులో, 200 మి.లీ. అని ఉంటే గ్లాసులో కలిపి తాగితే సరిపోతుంది. రక్తం పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మచ్చ రేగిన రోజే, అంతకుముందు 24 గంటల్లో ఒంట్లోకి వెళ్ళినవన్నీ రాయండి. మాత్రలే కాదు, దగ్గు సిరప్పు, ఆయుర్వేద చూర్ణం, ఎవరో ఇచ్చిన తలనొప్పి బిళ్ళ కూడా. మచ్చకు తేదీతో ఫోటో తీయండి. "మొన్న వేసుకుంటే ఏమీ కాలేదే" అని ఆ మందును అనుమానపు జాబితాలోంచి తీసేయకండి. ఒకసారి రేగాక కొన్ని వారాలపాటు మచ్చ మొద్దుబారి ఉండొచ్చు, ఆ సమయంలో మందు పడినట్టే అనిపిస్తుంది. పరీక్ష కోసం ఇంట్లో మళ్ళీ వేసుకోవడం మాత్రం వద్దు. మచ్చ పూర్తిగా చల్లారాక డాక్టరే పాత మచ్చ మీద మందు అంటించి చూస్తారు, లేదా తమ కళ్ళెదుట కొద్ది మోతాదు ఇస్తారు. పడని మందే మళ్ళీ మళ్ళీ వాడితే మచ్చ పెద్దదవుతుంది, కొత్తవి పుడతాయి, ఒక్కోసారి ఒళ్ళంతా బొబ్బలెక్కుతుంది.

ఇంకొక్క మాట, ఎవరూ పైకి అడగరు కాబట్టి చెప్తున్నాను. ఇదే మచ్చ మగవాళ్ళకు అంగం కొన మీద చాలా తరచుగా వస్తుంది. సుఖవ్యాధి అనుకుని హడలిపోతారు, భార్యాభర్తల మధ్య అనుమానాలు రేగుతాయి. హెర్పిస్ అయితే సాధారణంగా చిన్న పొక్కులు గుంపుగా లేస్తాయి. ఇది ఎక్కువగా ఒంటరి మచ్చ, మందు వెనకాలే వస్తుంది.

ఇప్పుడు క్రీమ్. మంట ఉన్న నాలుగు రోజులు డాక్టరు రాసిన స్టెరాయిడ్ క్రీమ్ పలచగా, లేదంటే ఉత్త వాజెలిన్. బొబ్బ చిదమొద్దు. నలుపు మీద నెలల తరబడి స్టెరాయిడ్ రుద్దితే చర్మం పలచబడటం తప్ప ఇంకేమీ జరగదు.

జ్వరంతోపాటు ఒళ్ళు ముట్టుకుంటే నొప్పి, కళ్ళు ఎర్రబడి మంట, నోట్లో పుళ్ళు, చర్మం పొరలుగా ఊడటం మొదలైతే అది ఈ మచ్చ కాదు, స్టీవెన్స్-జాన్సన్ అనే, ప్రాణం మీదికి తెచ్చే మందు రియాక్షన్ కావచ్చు. మందు మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల్లో ఎప్పుడైనా రావచ్చు. మూర్ఛకు ఇచ్చే కార్బమాజెపిన్, ఫెనిటాయిన్, యూరిక్ యాసిడ్‌కు ఇచ్చే అల్లోప్యూరినాల్ దీనికి ముఖ్యమైన కారణాలు. మందు ఆపి అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

మందు పడలేదని దేశమంతటి నుంచీ ఉచితంగా చెప్పుకునే నంబరు 1800-180-3024. మీ పర్సులో ఒక కాగితం పెట్టుకోండి. దాని మీద మందు పేరు, ఏమైంది, ఏ తేదీన అని రాయండి. పేరు తేలేదాకా "విరేచనాల మాత్ర, ఆఫ్లోక్సాసిన్ లేదా ఓర్నిడజోల్ రకం, పెదవి మచ్చ" అని రాసినా చాలు. పన్ను డాక్టరు చీటీ రాయకముందే అది చూపించండి.